మూడో లేబులు

చేపని ఎలా కొనాలో తెలియని మనిషిని మొప్పల మాస్టారు మనిషిగా లెక్కెయ్యడు. ఆయన బడిలో పాఠాలు చెప్పే మాస్టారు కాదు. చేపల మార్కెట్లో మూడో వరసలో, ఐసు నీళ్లు కారే మూలన ఆయన దుకాణం. వచ్చినవాళ్లకి చేప మొప్ప ఎత్తి చూపించి, ఎరుపంటే ఏమిటో, కంటి మెరుపంటే ఏమిటో, వేలితో నొక్కితే కండ ఎలా తిరిగి లేవాలో పావుగంట పాఠం చెప్పిగానీ తూకం వెయ్యడు. అందుకని పక్క దుకాణాలవాళ్లు ఆ పేరు తగిలించారు. కొనడానికొచ్చినవాడి ఇంటి దగ్గర నూనె కాగి పొగలొస్తున్నాయా అన్నది ఆయనకి అనవసరం.

అలాంటి మాస్టారు ఒక శనివారం సాయంత్రం సూపర్ మార్కెట్లో వైను సీసాల ముందు నిలబడి, ఒక్కొక్క సీసా లైటుకి ఎత్తి, దీనికి కళ్లెక్కడ, మొప్పలెక్కడ అని తిప్పి తిప్పి చూస్తున్నాడు.

దీనికంతటికీ కారణం కూతురు. ఆ పిల్ల పళ్ల డాక్టరు. తనతో పాటే పనిచేసే ఇంకో పళ్ల డాక్టరుని ప్రేమించింది. ఇద్దరూ కలిసి ఊళ్లోవాళ్ల పళ్లు పీక్కుంటూ చల్లగా బతుకుతారు, ఇందులో ఎవరికీ అభ్యంతరం లేదు. చిక్కల్లా అబ్బాయి తండ్రితో వచ్చింది. ఆయన వైన్ల వ్యాపారి. మామూలుగా సీసా ఇచ్చి చిల్లర ఇచ్చే రకం కాదు. గ్లాసులో ముక్కు దూర్చి, "ఇది ఫలానా కొండకి పడమటి వైపు పండిన ద్రాక్ష, ఆ ఏడు వానలు ఆలస్యం" అని జాతకం చెప్పే రకం. ఆ ముక్కూ, ఆ ముక్కు తాలూకు భార్యా, కొడుకూ ఆదివారం మధ్యాహ్నం భోజనానికి వస్తున్నారు.

సరే, వస్తే రానీ. తిండి దగ్గర మాస్టారు ఎవరికీ భయపడడు. ఆయన్ని లోపల్లోపల కొరికేస్తున్నది వేరే సంగతి. మూడు వారాల కిందట కూతురు ఫోనులో కాబోయే అత్తగారితో మాట్లాడుతుంటే పక్క గదిలోంచి విన్నాడు. "మా నాన్నగారు సముద్ర ఉత్పత్తుల రంగంలో ఉన్నారండీ. ఎగుమతులు. అమ్మ రవాణా రంగం."

అమ్మ నాలుగో నంబరు బస్సు నడుపుతుంది. వీధిలో అందరూ డ్రైవరమ్మ అంటారు. ఇక మాస్టారి ఎగుమతులంటారా, చేపని ఐసులోంచి బల్ల మీదికి, బల్ల మీంచి సంచిలోకి. అంతకు మించి ఆయన సరుకు ఏ సరిహద్దూ దాటలేదు.

కోపం వచ్చినా బాగుండేది, నాలుగు కేకలు వేసి చల్లారేవాడు. రాలేదు. బాధే వచ్చింది. కూతురు తొమ్మిదేళ్లప్పుడు బడి గేటు దగ్గర చెయ్యి విడిపించుకుని, "నాన్నా, నీ చెయ్యి పట్టుకుంటే నా చెయ్యి కూడా వాసనొస్తోందని అందరూ నవ్వుతున్నారు" అంది. ఆ రోజు నుంచి మాస్టారు రోజూ దుకాణం కట్టేసి నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుంటాడు. పంతొమ్మిదేళ్లయింది. ఆ పిల్ల మళ్లీ చెయ్యి పట్టుకోలేదు, ఈయన అడగలేదు. తండ్రంటే కూతురికి సిగ్గని ఆయనకి తెలుసు. అది పెళ్లివారి ముందు ఎక్కడ బయటపడి, పిల్ల తల ఎక్కడ దించుకోవాల్సొస్తుందోనన్నదే ఇప్పుడు ఆయన బెంగ.

కూతురు నియమాలు పెట్టింది. చేపల గురించి ఉపన్యాసాలు వద్దు. మొప్పలన్న మాటే వద్దు. అబ్బాయి తండ్రి ఏమన్నా "అవునండీ" అంటే చాలు. వైను పోసేముందు సీసా ఆయనకి చూపించాలి, అది మర్యాద. "సీఫుడ్ పాస్తా నువ్వే చెయ్యి నాన్నా, నీ అంత బాగా ఎవరూ చెయ్యరు. ఎవరు చేశారంటే మాత్రం..." అని ఆగింది. "వంటమనిషి చేశాడంటాలే" అని ఈయనే పూర్తి చేశాడు.

"ఏం కావాలి బాబాయ్?" సూపర్ మార్కెట్లో సీసాలు సర్దే అమ్మాయి అడిగింది.

"తెల్ల వైను తల్లీ. మంచిది."

"దేంతో తాగడానికి?"

"పాస్తాతో. రొయ్యలు, ఆల్చిప్పలు, స్క్విడ్ ముక్కలు. వెల్లుల్లి, ఆలివ్ నూనె, దించాక నిమ్మకాయ."

"అయితే ఆ పై వరస ముట్టుకోకు. అవి చెక్క పీపాల్లో ఏళ్లకేళ్లు ఊరినవి. నీ రొయ్యని నోరెత్తనివ్వవు." అమ్మాయి వంగి కింది వరసలోంచి ఒకటి తీసింది. "ఇది తీసుకో. తేలిక వైను. కాస్త పులుపు, కాస్త నిమ్మకాయ వాసన. ముద్దకీ ముద్దకీ మధ్య నాలుక కడిగిపెట్టి పక్కకి తప్పుకుంటుంది. తిండితో పోట్లాట పెట్టుకోదు."

అల్లుడికి కావాల్సిన లక్షణాలన్నీ ఉన్నాయే అనుకున్నాడు మాస్టారు. అయినా అనుమానం తీరలేదు. "ఇది మరీ చవగ్గా ఉందేమో. వచ్చేవాళ్లు పెద్దవాళ్లు."

"నువ్వు చేపల మార్కెట్టే కదా బాబాయ్?"

మాస్టారు చేతులు రెండూ జేబుల్లోకి తోసేశాడు. దుకాణం కట్టేశాక రెండు నిమ్మకాయలు అరగదీశాడు, అయినా ఇంతేనా?

"అయితే నువ్వే చెప్పు. ఖరీదైన ప్రతి చేపా మంచి చేపేనా?"

ఆయన పాఠం ఆయనకే అప్పజెప్పింది. నిన్నటి రాజు చేప కన్నా ఇవాళ్టి బీద చేప మేలని రోజుకి యాభైసార్లు చెప్పే మనిషి ఇంకేం మాట్లాడతాడు? సీసా తిప్పి లేబులు చదివాడు. 'తేలిక తెలుపు. అందరికీ నచ్చే రుచి, ఆలోచించక్కర్లేదు. చేపలతో, రొయ్యలతో, పాస్తాతో, బంధువులతో సర్దుకుపోతుంది. బాగా చల్లబరిచి తాగండి.' దాని మీదే ఓ మూల పసుపు రంగు ముద్ర, 'రెండు కొంటే మూడోది ఉచితం.' మూడు సీసాలు చంకన పెట్టుకుని ఇంటికొచ్చాడు.

చల్లబరచడమా! ఆ ముక్క మాస్టారికి చెప్పాలా? ఇంట్లో ఫ్రిజ్ ఉంది, కానీ ఫ్రిజ్‌ని ఆయన నమ్మడు. అది కూరగాయలకీ, దగ్గుమందు సీసాలకీ. ఆదివారం తెల్లారకుండానే మార్కెట్‌కి వెళ్లి రొయ్యలూ ఆల్చిప్పలూ ఏరుకుని, దుకాణంలోని నీలం ఐసు డబ్బా నిండా దంచిన ఐసు పోయించుకుని ఆటోలో తెచ్చాడు. వంటింట్లో దాన్ని దింపి, మూడు సీసాల్నీ చేపల్ని పడుకోబెట్టినట్టే పక్కపక్కన, తలలన్నీ ఒకవైపుకి పడుకోబెట్టి, మీద ఐసు కప్పి, రెండు గుప్పిళ్ల రాళ్లుప్పు చల్లాడు. ఉప్పు పడితే ఐసు మరీ చల్లబడుతుందని చేపలవాడికెవడికైనా తెలుసు. సీసా మీద అంటించింది కాగితమనీ, అది జిగురుతో అంటుకుని ఉంటుందనీ చేపలవాడికి తట్టదు. చేపకి లేబులుండదు కదా.

పదకొండున్నరకి మూత తీస్తే మూడు సీసాలూ పుట్టినప్పుడెలా ఉన్నాయో అలా ఉన్నాయి. ఒంటి మీద నూలుపోగు లేదు. లేబుళ్లు రెండు ఉప్పునీళ్లలో తేలుతూ కనిపించాయి, పట్టుకుంటే పేస్టులా చేతికొచ్చాయి. మూడోదాని జాడ లేదు.

 తిరగేసిన డబ్బా మూత స్టూలు మీద ఉంటే మాస్టారు దాని మీదే కూలబడ్డాడు. వెనక తడి తగిలింది. ముప్పై ఏళ్లు ఐసు డబ్బాల మీద కూర్చున్నవాడికి వెనక తడి ఒక లెక్కా! కొత్త ప్యాంటు అన్న సంగతి కూడా గుర్తు రాలేదు. కూర్చునే సీసాలు తుడిచాడు. లేచి, ఒక సీసా మూత తిప్పి గ్లాసుడు వైను ఆల్చిప్పల మూకుట్లో పోసి మూతపెట్టాడు. అవి చిటపటమని నోళ్లు తెరిచాయి. మిగిలినదాంట్లో ఒక గుక్క తాను తాగి చూశాడు. పళ్లు జివ్వుమనడం తప్ప రుచేమీ తెలియలేదు. మనకి తెలియదులే, పెద్దవాళ్లకి తెలుస్తుందనుకున్నాడు.

పన్నెండున్నరకి పెళ్లివారొచ్చారు. వియ్యంకుడు ఎత్తుగా, నున్నగా, ఇల్లంతా ఒకసారి వాసన చూస్తున్నట్టు ముక్కెత్తి నడిచాడు. వియ్యపురాలు పొట్టిగా, బొద్దుగా, వచ్చీ రాగానే చెప్పులు విడిచి, "అబ్బ, వెల్లుల్లి వాసన! ఆకలి దంచేస్తోంది" అంది. భర్త ఆవిడ వంక చూశాడు. ఆవిడ ఆయన వంక చూడలేదు.

టేబుల్ చుట్టూ సర్దుకున్నారు. వంటింటి గుమ్మానికి వీపు పెట్టి వియ్యంకుడూ, ఆయన పక్కన డ్రైవరమ్మా. గుమ్మానికి ఎదురుగా వియ్యపురాలు. అటూ ఇటూ పిల్లలిద్దరూ, కూతురి పక్కన మాస్టారి కుర్చీ. కూతురు కళ్లు మావగారి మొహం మీంచి కదలడం లేదు. మాస్టారు చేతులకి మూడో నిమ్మకాయ రుద్దుకుని, సీసా తెచ్చి, కూతురు చెప్పినట్టే వియ్యంకుడి మొహం ముందు పట్టుకున్నాడు. చూపించడానికి అక్కడ గాజు తప్ప ఏమీ లేదు. అయినా మర్యాద మర్యాదే.

వియ్యంకుడు బోడి సీసా వంక చూశాడు. మాస్టారి వంక చూశాడు. మొహం విప్పారింది.

"ఆహా! పరీక్షా బావగారూ? లేబుళ్లు పీకేసి మరీ పెట్టారన్నమాట. మా వాళ్లు కూడా ఇంతే, పెద్ద పెద్ద విందుల్లో నన్ను ఇలాగే ఆడిస్తారు."

మాస్టారు నోరు తెరిచాడు. టేబుల్ కింద కూతురి కాలు తగిలింది. "అవునండీ" అన్నాడు.

వియ్యంకుడు గ్లాసు వెలుతురుకి పట్టాడు. తిప్పాడు. ముక్కు లోపల పెట్టాడు, ఎంతకీ బయటికి తియ్యలేదు. చివరికి ఒక గుక్క తీసుకుని, నోట్లో గులగులమనిపించి మింగి, కళ్లు మూసుకున్నాడు. "కొండ ప్రాంతం. సున్నపురాయి నేల. దూరంగా సముద్రం కనిపిస్తూ ఉండాలి. ముసలి తీగలు. తొమ్మిదేళ్ల పాతది. వైనులో ఈ నిశ్శబ్దం ఉంది చూశారూ, ఇది మామూలు చేతులకి రాదు."

"అవునండీ."

ఒక్కొక్క అవునండీకీ మాస్టారి గొంతులో ముల్లు గుచ్చుకుంటోంది. దుకాణంలో నిన్నటి చేపని ఇవాళ్టిదని ఒక్కరోజు అబద్ధమాడలేదు. ఇక్కడ కింది వరస సీసాని కొండెక్కిస్తున్నాడు. పాస్తా తేవడానికి వెనక్కి తిరిగి వంటింట్లోకి నడిచాడు. వెనకాల వియ్యపురాలికి పొలమారింది.

పాస్తా వచ్చింది. రొయ్యలు ఎర్రగా, ఆల్చిప్పలు నోళ్లు తెరుచుకుని, స్క్విడ్ ముక్కలు మెత్తగా.  వియ్యపురాలు ముద్దకో గుక్క చొప్పున రెండు గ్లాసులు లాగించేసింది. తర్వాత అడిగింది, "అన్నయ్యగారూ, కాస్త మిరియాల పొడి ఉందాండీ?"

మాస్టారు వెళ్లి తెచ్చాడు. కూర్చుని ఒక ముద్ద తిన్నాడో లేదో, "ఇంకో నిమ్మచెక్క?" అంది. తెచ్చాడు. "పేపరు నాప్కిన్లు?" తెచ్చాడు. వెళ్లినప్పుడల్లా ఆవిడ మెడ సాచి గుమ్మం వంక చూడడం, వచ్చేసరికి నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోవడం. కళ్లల్లో నీళ్లు. మాస్టారికి అనుమానం వచ్చింది. వంటలో ఏదో తేడా చేసింది, పాపం పైకి చెప్పలేక నీళ్లు మింగుతోంది. ఆల్చిప్పల్లో ఇసక ఉండిపోయిందా? మూడు నీళ్లు కడిగానే!

"మీకు ఎన్ని బళ్లున్నాయి చెల్లెమ్మా?" వియ్యంకుడు డ్రైవరమ్మని అడుగుతున్నాడు.

"ప్రస్తుతం ఒక్కటే నడుస్తోందండీ" అంది డ్రైవరమ్మ. ఆవిడ అబద్ధం ఆడదు. అలాగని నిజమూ పూర్తిగా చెప్పదు. ఇరవై ఏళ్లు ట్రాఫిక్కులో నడిపిన మనిషి, సందు చూసి దూరడం తెలుసు.

వియ్యంకుడికి గ్లాసు నిండేకొద్దీ గొంతు పెరిగింది. "ఈ రోజుల్లో జనానికి నాలుక చచ్చిపోయింది బావగారూ. చేపలతో ఏం తాగుతున్నారో తెలుసా? సూపర్ మార్కెట్లో రెండు కొంటే మూడోది ఊరికే ఇస్తారే, ఆ కుళాయి నీళ్లు. తేలిక వైనట! తేలికేమిటండీ, అదేమన్నా దూదా? అవి తాగేవాళ్లని చూస్తే నాకు జాలి. మీలాంటి ఎగుమతుల మనిషికి నేను చెప్పాలా!"

"అవునండీ" అన్నాడు మాస్టారు. చేతులు టేబుల్ కింద ఒకదాన్నొకటి పిసుక్కుంటున్నాయి.

అప్పుడు వియ్యపురాలు గుడ్డ కింద పెట్టింది. నవ్వు నాలుగు విధాల చేటంటారు, ఆవిడ నలభై నిమిషాలు ఆపుకుంది, ఐదో విధం వచ్చేలా ఉంది. "అన్నయ్యగారూ, ఇక్కడ నా పక్కకొచ్చి, ఒక్కసారి అటు తిరిగి నిలబడతారా? ఆఖరి లైనొక్కటీ అందడం లేదు."

మాస్టారికేమీ అర్థం కాలేదు. పెద్దింటి ఆడవాళ్లు అడిగారు కదా అని వెళ్లి, అటు తిరిగి నిలబడ్డాడు. కొత్త ప్యాంటు కూర్చునే చోట, డబ్బా మూత మీంచి అంటుకుని, ఉప్పునీళ్లకి తడిసి, మూడోసారి కూర్చునేసరికి ఇస్త్రీ పెట్టినట్టు అంటుకుపోయి, చదువుకోవడానికి వీలుగా నిట్టనిలువునా మూడో లేబులు ఉంది.

వియ్యపురాలు గొంతు సవరించుకుని చదివింది. "తేలిక తెలుపు. అందరికీ నచ్చే రుచి, ఆలోచించక్కర్లేదు. చేపలతో, రొయ్యలతో, పాస్తాతో, బంధువులతో సర్దుకుపోతుంది. బాగా చల్లబరిచి తాగండి." ఊపిరి తీసుకుంది. "రెండు కొంటే మూడోది ఉచితం. ఏవండీ, ఇందులో కొండ ఎక్కడా రాయలేదు."

కాబోయే అల్లుడి నోట్లోంచి రొయ్య పళ్లెంలో పడింది. డ్రైవరమ్మ దేవుడా అనుకుంది, పైకే అనుకుంది. మాస్టారు వెనక్కి తడుముకుని, ఆ కాగితం ముక్క పీకి, చేతిలో పట్టుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడిపోయాడు.

వియ్యంకుడి మొహం ముందు తెల్లబడి తర్వాత ఎర్రబడింది. కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "భోజనానికి పిలిచి, లేబుళ్లు పీకి, నా చేత వాగించి, నన్ను వెర్రివెంగళప్పని చేద్దామనుకున్నారా? ముప్పై ఏళ్ల పరువండీ నాది! అవునండీ, అవునండీ అంటూ ఎంత నాటకం! లేవరా, పోదాం." కొడుకు కదల్లేదు. "లేవమంటుంటే!"

మాస్టారు కూతురి వంక చూశాడు. పిల్ల తల దించుకుంది. ఏ తల దించుకోకూడదని ఆయన మూడు వారాలు నిద్రపోలేదో ఆ తలే. ఈ మనిషి ఇప్పుడు గుమ్మం దాటితే పెళ్లి దాటినట్టే. ఇది పన్నాగం కాదని చెప్పాలంటే లేబుళ్లు ఎలా ఊడాయో చెప్పాలి. అది చెప్పాలంటే ఐసు డబ్బా సంగతి చెప్పాలి. ఐసు డబ్బా సంగతి చెప్పాక ఎగుమతులేముంటాయి?

"బావగారూ, కూర్చోండి" అన్నాడు. "నేను చేపలమ్ముకునేవాణ్ణి."

చేతిలోని తడి లేబులు టేబుల్ మీద పెట్టాడు.

"మార్కెట్లో మూడో వరసలో నా కొట్టు. వైను చల్లబెట్టమని రాసుంటే నాకు తెలిసిన పద్ధతిలో చల్లబెట్టాను. చేపల ఐసులో పూడ్చి ఉప్పు చల్లాను. లేబుళ్లు పీకలేదండీ, వాటంతటవే ఊడాయి. మీరు పరీక్షన్నారు. మా పిల్ల పరువు పోతుందని నేను అవునండీ అన్నాను. అది నా తప్పు. ఇంకో మాట కూడా వినండి. మా దగ్గర కొందరు వెధవలున్నారు, నిన్నటి చేపని ఉప్పు ఐసులో తొక్కి ఇవాళ్టిదని అమ్ముతారు. అది ఐసులో ఉన్నంతసేపూ ముప్పై ఏళ్ల నా ముక్కు కూడా ఏమీ చెప్పలేదు. చల్లదనం అన్నిటినీ కప్పేస్తుంది. అందుకని మీ నాలుక తప్పు కాదు. నా ఉప్పు తప్పు."

వియ్యంకుడు నిలబడే ఉన్నాడు. వైను మరీ చల్లగా ఉంటే రుచీ వాసనా చచ్చిపోతాయన్నది ఆయన వృత్తిలో మొదటి రోజు మొదటి పాఠం. గ్లాసు పట్టుకోగానే వేళ్లు కొంకర్లు పోయినప్పుడే చెప్పాల్సిన మాట. మెచ్చుకుంటారన్న తొందరలో మింగేశాడు. ఇప్పుడు ఒక చేపలాయన ఆ పాఠం చెప్పి, తప్పు తన నెత్తిన వేసుకుని, ఈయన్ని ఒడ్డున పడేశాడు. ఆ సంగతి గ్రహించలేనంత మూర్ఖుడేం కాదాయన. మెల్లిగా కూర్చున్నాడు.

"అవును. మరీ చల్లగా ఉంది" అన్నాడు, గోడకి చెబుతున్నట్టు.

గ్లాసుని రెండు అరచేతుల మధ్యా పెట్టుకుని కాసేపు కూర్చున్నాడు.  తర్వాత ఒక గుక్క తాగి, ఒక రొయ్య తిని, ఇంకో గుక్క తాగాడు. "నిమ్మకాయ" అన్నాడు. "కాస్త పులుపు. అంతే. ఇంకేం లేదు ఇందులో." ఇంకో రొయ్య తిన్నాడు. "ఈ పాస్తాకి ఇంకేం అక్కర్లేదు కూడా."

"ముప్పై ఏళ్లుగా గుక్కకో ఉపన్యాసం వింటూ తాగుతున్నాను అన్నయ్యగారూ" అంది వియ్యపురాలు, ఖాళీ గ్లాసు చాపుతూ. "ఇదొక్కటే నోరు మూసుకుని గొంతు దిగింది. పొయ్యండి."

"మరి ఆ ఎగుమతులు?" వియ్యంకుడు అడిగాడు. కోపంగా కాదు, నిజంగానే అర్థంకాక.

మాస్టారు ఏదో ఒకటి అల్లబోయాడు. కూతురు తలెత్తింది.

"నేనే చెప్పానండీ. అబద్ధం. మా నాన్న చేపలమ్ముతాడు, ఆ డబ్బుతోనే నేను డాక్టరునయ్యాను. మీకు చెప్పడానికి నాకు సిగ్గేసింది." తండ్రి వంక చూసింది. "ఇప్పుడు ఇంకా సిగ్గేస్తోంది. ఆ మాట నేను చెప్పాల్సింది. ఆయన చేత చెప్పించాను."

"నాది కూడా చెప్పెయ్యవే, పనిలో పని" అంది డ్రైవరమ్మ. ఆగకుండా తనే చెప్పేసింది. "నాలుగో నంబరు బస్సండీ. మీ షాపు ముందు నుంచే పోతుంది. అక్కడ బండి అడ్డంగా పెడతారు చూడండీ, అది మీదేనా?"

"నాకు ముందే తెలుసు" అన్నాడు కాబోయే అల్లుడు, పళ్లెంలో పడ్డ రొయ్యని మళ్లీ నోట్లో వేసుకుంటూ. "రెండు నెలల కిందట మీ కొట్టుకొచ్చాను. అరకిలో చేప కొన్నాను. మొప్పల గురించి నాకు పావుగంట చెప్పారు. గుర్తులేదా మావయ్యగారూ?"

మాస్టారు ఆ మొహం వంక శ్రద్ధగా చూశాడు. "ఏ చేప బాబూ?" అన్నాడు.

ఆ మాటకి వియ్యంకుడు కూడా నవ్వాడు. రెండో సీసా వచ్చింది, ఈసారి డ్రైవరమ్మ తెచ్చింది. మాస్టారి పళ్లెం చల్లారిపోయింది. ఆయన తన చోట కూర్చుని, అలవాటు కొద్దీ ఎడమ చెయ్యి టేబుల్ కిందికి దించుకున్నాడు. పక్కనే కూర్చున్న కూతురు ఆ చెయ్యి పట్టి పైకి లాగి, అందరి ముందూ టేబుల్ మీద పెట్టి, దాని మీద తన చెయ్యి వేసి గట్టిగా పట్టుకుంది. వేళ్ల మీద ముళ్లు గీరిన గాట్లు, గోళ్లు ఐసుకి నానిపోయి ఉన్నాయి. మాస్టారు లాక్కోబోయాడు.

"వాసనొస్తుందే" అన్నాడు మెల్లిగా. "మూడు నిమ్మకాయలు రుద్దాను. అయినా పోదు అది."

కూతురు వంగి వాసన చూసింది. "అవును నాన్నా, వస్తోంది" అంది. చెయ్యి మాత్రం వదల్లేదు. రెండో చేత్తో ఫోర్కు పట్టుకుని పాస్తా చుట్టబోతే జారి రెండుసార్లు ఒళ్లో పడింది. మూడోసారి నోటి దాకా వచ్చింది.